గడియ ఎవరి చేతిలో ఉన్నది?



ఇటీవల మనవారిలో ఒకరు "ఆర్‌సెప్ నుంచి బయటపడి మన రైతు బ్రతికిపోయినాడు" అని ఒక టపా వ్రాసినారు. దాని క్రింద మరొక మిత్రుడు "బయటపడినందుకే పప్పూ నూనే మండిపోతున్నవి" అని వ్యాఖ్యానించినారు. ఇద్దరూ నాకు ఆప్తులే, ఇద్దరి తెలుగూ ముచ్చటైనదే. కాని ఇద్దరి మాటా తప్పు. రెండు వాక్యాల వ్యాఖ్యతో సరిపెట్టవలె ననుకొని కూర్చుంటే ఇంత పొడవైనది. ఓపికతో చదువగలరు.

ముందు మాట సంగతి. ముప్పయ్యేళ్ళు పిల్లలకు క్రియారూపాలు దిద్దించినవాడిని గనుక ఊరకుండలేను. "బయటపడుట" అనవలెనంటే ముందు లోపల ఉండవలె. మనం ఆర్‌సెప్‌లో ఏనాడూ లేము. పదహారు దేశాలు 2012 నుంచి చర్చలు జరిపినవి. 2019 నవంబరు 4న బ్యాంకాకులో మన ప్రధాని మేము చేరడం లేదని చెప్పివచ్చినారు. తక్కిన పదిహేను దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసుకున్నవి. 2022 జనవరి 1 నుంచి ఆ ఒప్పందం అమలులో ఉన్నది. పెండ్లిచూపులలో కాదన్న సంబంధాన్ని విడాకులంటే ఎట్లా? ఇది చాదస్తం కాదు. విడాకులు తీసుకున్నవాడి సంగతి వేరు, అక్కడికీ వస్తాను.

ఆనాడు దేశమంతా వినిపించిన భయం న్యూజీలాండు పాలపొడి. ఆ భయం ఉత్తది కాదు. రెండు బర్రెలున్న ఇల్లాలు ఆ దేశపు పాడిపరిశ్రమతో పోటీపడలేదు. అయితే ఆస్ట్రేలియాతో మన ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి నడుస్తున్నది, అందులో పాలు లేవు. ఆ న్యూజీలాండుతోనే చర్చలు ముగిసినవని 2025 డిసెంబరులో ప్రకటించినారు, అందులోనూ పాలను తప్పించినామన్నారు. అంటే ఒప్పందంలో ఉండి కూడా పాలను కాపాడుకొనవచ్చును. ఇక ఒప్పందం బయట ఉన్నందున పాలధర ఏమైనదో మీ ఇంటి ప్యాకెట్టు చూడండి. 2022లో పశువులకు లంపీ చర్మవ్యాధి వచ్చినది, దాణా ధర పెరిగినది, 2023 ఫిబ్రవరి నాటికి అమూల్ గోల్డు లీటరు 66 రూపాయలైనది. అందులో బ్యాంకాకు ప్రమేయ మేమీ లేదు.

పాల సంగతి అంతటితో చాలు. నాకు తెలిసినది కంది.

మా జహీరాబాదు ప్రాంతంలో నల్లరేగడీ ఎర్రనేలా రెండూ ఉన్నవి. చెరకు, అల్లం, ఆలుగడ్డ డబ్బున్నవారి పంటలు. వాననీటి మీద బ్రతికేవారికి జొన్న, కంది, పెసర, మినుము, శనగ. జూన్‌లో విత్తిన కంది సంక్రాంతి ప్రాంతంలో ఇంటికి వస్తుంది. ఆరు నెలల పైచిలుకు. ఈ ఆరు నెలలను మనసులో ఉంచుకోండి, నా వాదమంతా అక్కడే ఉన్నది.

ఇప్పుడొక నేరం ఒప్పుకొనవలె. 2015 అక్టోబరులో కందిపప్పు కిలో రెండువందలైనది. అప్పుడు నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. మధ్యాహ్నభోజనంలో పప్పుచారు నీళ్ళచారైనది. ఒక ఆరవతరగతి పిల్లవాడు గరిటెతో గిన్నె అడుగున దేవుతూ "సార్, పప్పు కిందుంటదా?" అని అడిగినాడు. ఆ మాట నాకు చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు. ఎక్కడినుంచైనా సరే తెప్పించండయ్యా అని ఉపాధ్యాయ సంఘం సమావేశంలో ఉపన్యసించినాను, పత్రికకు లేఖ వ్రాసినాను. వ్రాసినవాడిని నేనొక్కడినే కాదు గదా. ప్రభుత్వం విన్నది. 2016 జూలైలో మొజాంబిక్ దేశంతో ఒప్పందం చేసుకొన్నది, మొదట ఏడాదికి లక్ష టన్నులు, 2020-21 నాటికి రెండు లక్షలు. అదే సమయంలో మద్దతు ధర బోనసుతో కలిపి క్వింటాలుకు 5,050 చేసి, రైతులారా కంది వేయండి అన్నది. రైతులు వేసినారు. వానలూ బాగా పడినవి. దేశంలో పంట 48 లక్షల టన్నులు దాటినది, అంతకుముందటి ఏడాదికి దాదాపు రెట్టింపు. ఆ పైన ఏడు లక్షల టన్నులు ఓడలలో వచ్చినవి.

మా తమ్ముడు ఆ ఏడు నాలుగెకరాలలో కంది వేసినాడు. 2017 ఫిబ్రవరిలో ఒక మార్కెట్ యార్డులో బస్తాల మీదే నాలుగు రాత్రులు పండుకొన్నాడు. సంచులు లేవన్నారు, తేమ ఉన్నదన్నారు, వంతు రాలేదన్నారు. అయిదవనాడు వ్యాపారికి క్వింటాలు 4,100కు తూకం వేసి వచ్చినాడు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "అన్నా, పప్పు పిరమైందని మీరందరు ఒర్లిండ్రు. గిప్పుడు అగ్గువైంది. కడుపునిండ తినుండ్రి."

(పిరం, అగ్గువ - ఈ రెండు మాటలనూ పాఠ్యపుస్తకాలవారు గ్రామ్యమని కొట్టివేసేవారు. ప్రియమైనది దొరకనిది పిరం కాక ఏమవుతుంది? నా జవాబు పత్రాలలో ఏనాడూ వాటికి మార్కులు తగ్గించలేదు.)

అసలు విచిత్రం తరువాతది. కంది దిగుమతి మీద పదిశాతం సుంకం ఎప్పుడు వేసినారనుకున్నారు? 2017 మార్చి చివర. అప్పటికి మా తమ్మునివంటివాళ్ళ పంట అమ్ముడైపోయినది. ఏటా రెండు లక్షల టన్నులకు మించి రాకూడదని ఆగస్టులో ఆంక్ష పెట్టినారు. కోత ముగిసిన తరువాత కంచె వేసినట్లు. పైగా మయన్మారు, మొజాంబిక్, మలావీ, టాంజానియా వంటి అత్యల్పాభివృద్ధి దేశాలకు 2008 నుంచే సుంకం మినహాయింపు ఉన్నది గనుక ఆ పదిశాతం చాలావరకు కాగితం మీదిదే. మళ్ళీ ధర పెరిగినది, 2021 మే 15న ఆంక్ష ఎత్తివేసినారు. మయన్మారు నుంచి ఏటా లక్ష టన్నుల కంది, రెండున్నర లక్షల మినుము తెచ్చుకొంటామని అదే ఏడాది జూన్‌లో వ్రాసి ఇచ్చినారు. 2023 మార్చిలో ఆ పదిశాతమూ తీసివేసినారు. 2023 డిసెంబరులో పచ్చబఠాణీకి తలుపులు బార్లా తెరిచినారు. కందిపప్పులోనూ శనగపిండిలోనూ బఠాణీ ఎట్లా కలుస్తుందో వంటయింటివారికి నేను చెప్పనక్కరలేదు. 2024-25లో పన్నెండు లక్షల టన్నుల దాకా కంది దిగినది. మద్దతు ధర 7,550 అని వ్రాసి ఉండగా 2025లో మార్కెట్లు దానికి దిగువనే పలికినవి. బఠాణీ మీద ముప్పయి శాతం సుంకం 2025 నవంబరు 1 నుంచి వచ్చినది. అప్పటికి కంది చేను పూతమీద ఉన్నది.

మయన్మారు ఆర్‌సెప్ సభ్యదేశమన్నది గమనించినారా? మనం ఆ కూటమిలో చేరలేదు, వాళ్ళ కందులు మాత్రం చేరుతూనే ఉన్నవి. టపా వ్రాసిన మిత్రుడు ఏ గోడను చూసి మురిసిపోతున్నాడో ఆ గోడకు కంది పట్టేటంత తలుపు మొదటినుంచీ ఉన్నది. వ్యాఖ్య వ్రాసిన మిత్రుడు ఏ గోడవలన పప్పు పిరమైనదంటున్నాడో ఆ గోడ కందికి అడ్డమే రాలేదు. ఇద్దరూ గోడను గురించే వాదించుకొంటున్నారు, గడియను గురించి ఒక్కరూ మాట్లాడరు.

గోడ నిజంగానే లేచిన రోజు లేదా అంటే ఉన్నది, మన దక్షిణాదిలోనే. ఈ తరం మరచిపోయినది. 1957లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళ కలిపి బియ్యానికి ఒకే దక్షిణ మండలం చేసినారు. నాలుగు రాష్ట్రాల మధ్య బియ్యం స్వేచ్ఛగా తిరిగేది. మిగులు మనది, కొరత కేరళది. 1964లో ఆ మండలం పగిలి ఏ రాష్ట్రానికా రాష్ట్రం వేరు మండలమైనది. కృష్ణా గోదావరి డెల్టాలలో వడ్లకు కొనేవాడు తగ్గినాడు, కేరళలో బియ్యం కరవై రేషను పెట్టవలసి వచ్చినది. ఆహార సంస్థ ఎఫ్‌సీఐ పుట్టినది 1965 జనవరిలో, ఆ నేపథ్యంలోనే. కూటమి విడిపోతే ధర ఒకేవైపు పెరగదు. పండించే వైపు పడిపోతుంది, తినే వైపు లేస్తుంది. నడుమ ఉన్న తేడా సర్కారు ఖజానాకు పోదు, రాత్రిపూట సరిహద్దు దాటించేవానికి పోతుంది.

ఆ రాత్రుల సంగతి మా ఇంట్లో కథలుగా చెప్పుకొనేవారు. జహీరాబాదు తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనతో బీదరు మైసూరుకు పోయినది, మేము మెదకు జిల్లాకు వచ్చినాము. ఇల్లు కదలలేదు, జిల్లా మారినది. మా మేనత్త అత్తవారిల్లు బీదరు వైపే ఉండిపోయినది. సుమారు ముప్పయి కిలోమీటర్లు. మండలాల కాలంలో ఆమె పుట్టింటికి వస్తూ బట్టలమూటలో నాలుగు శేర్ల ధాన్యం దాచి తెచ్చేదట. బస్సులో తనిఖీవారెక్కితే ఆ మూట మీద నన్ను కూర్చోబెట్టి "పిల్లవానికి జ్వరం" అనేదట. నా ప్రథమ ఆర్థికశాస్త్ర పాఠం ఆ మూటమీదనే జరిగినదని మా నాయన నవ్వేవాడు.

ఇప్పుడు నిజంగా విడాకులు తీసుకొన్నవారి సంగతి. మా పెద్దమ్మాయి ఇంగ్లాండులో స్లౌ అనే ఊళ్ళో ఉంటుంది. బ్రిటన్ 2016 జూన్‌లో ఓటు వేసి, 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యను విడిచి, ఆ ఏడాది చివర ఉమ్మడి సంతనుంచి కూడా బయటికి వచ్చినది. ఐరోపా సుంకాల గోడ దాటితే లోకమంతటినుంచీ తిండి చవకగా వచ్చునని నిష్క్రమణవాదులు ఊరూరా చెప్పినారు. ఏమైనది? ఐరోపా సరుకుల మీద సుంకం సున్నాయే, ఆ మేరకు ఒప్పందం ఉన్నది. కాని ప్రతి పెట్టెకూ ఒక ధ్రువపత్రం, ప్రతి మాంసపుముక్కకూ ఒక పశువైద్యుని సంతకం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 2022 డిసెంబరులో లెక్కకట్టినారు: 2021 చివరికి రెండేళ్ళలో ఈ అడ్డంకులవల్ల తిండి ధర ఆరుశాతం పెరిగినదట, సగటున ఇంటికి 210 పౌండ్ల భారం. ఐరోపా సరుకు మీద తమ తనిఖీలు పెడితే ధర ఇంకా లేచునని వాళ్ళ ప్రభుత్వమే అయిదుమార్లు వాయిదా వేసి 2024 జనవరిలో మొదలుపెట్టినది. 2025 మేలో ఆ తనిఖీలనే తగ్గించుకొనేందుకు ఐరోపాతో మళ్ళీ చేతులు కలిపినది.

న్యాయంగా మాట్లాడవలె. 2023 ఫిబ్రవరిలో మా అమ్మాయి ఖాళీ అరల ఫోటో పంపినది. మనిషికి మూడు ప్యాకెట్లకు మించి టమాటాలు ఇవ్వడం లేదట. అందరూ నిష్క్రమణనే తిట్టినారు. కాని స్పెయిన్‌లోనూ మొరాకోలోనూ చలికి పంట దెబ్బతిన్నది, పెద్దపాలు దానిదే. అదే ఏడాది జూలైలో నేను ఇక్కడ టమాటా దుకాణం ముందు నిలబడి కిలో నూటయాభై అని విని వెనుదిరిగినాను. ఆగస్టులో నేపాలునుంచి తెప్పించినారు. టమాటాకు కూటమి తెలియదు. మబ్బు తెలుసు.

వైను కథ ఇంకా విచిత్రం. నేను ద్రాక్షాసవాన్ని కావ్యాలలో తప్ప ఎరుగను, అల్లుడు ఎరుగును. ఐరోపా చట్టం అడ్డం తొలగినందున మద్యంపై పన్నును ఘాటును బట్టి వేయగలుగుతున్నామని, ఇది నిష్క్రమణఫలమని, అక్కడి ప్రభుత్వం 2023 ఆగస్టు 1న కొత్త పద్ధతి తెచ్చినది. ఫలితం ఏమంటే సాధారణపు వైను సీసా మీద పన్ను 2.23 పౌండ్లనుంచి 2.67కు ఎగబాకినది. ఒక్క దెబ్బకు 44 పెన్నీలు! ఫ్రాన్సువాడు వేసిన భారం కాదది. తాళంచెవి స్వదేశానికి తెచ్చుకొన్నారు, తెచ్చుకొని తమ ఇంటి పెట్టెకే తిప్పుకొన్నారు. అక్కడి రైతుకైనా ఒరిగినదా అంటే, ఆస్ట్రేలియాతో చేసుకొన్న ఒప్పందం బ్రిటనుకు ఏమంత మంచిది కాదని, దానిపై చర్చలు జరిగిననాడు వ్యవసాయశాఖ మంత్రిగా ఉన్న జార్జ్ యూస్టిస్ 2022 నవంబరులో పార్లమెంటులోనే చెప్పినారు. పదవి పోయిన తరువాత చెప్పినారనుకోండి.

నవ్వుకొనే ముందు మన వీధి చూచుకోవలె. 2017 జూలై 1న జీఎస్టీతో దేశమంతా ఒకే సంత అన్నారు, పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేసినారు. తాగే మద్యం మాత్రం ఆ సంత బయటనే ఉంచినారు. ఏ రాష్ట్రానికా రాష్ట్రం దానికొక దేశం. అందుకే మా సరిహద్దున పప్పుకు లేని హద్దు సీసాకున్నది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో బీరు మూలధర పదిహేను శాతం పెంచినారు, అది ఏ విదేశీ కూటమి చేసిన పనీ కాదు. ఆస్ట్రేలియా వైనుకు 150 శాతంగా ఉన్న సుంకాన్ని మనం మెట్లుమెట్లుగా తగ్గిస్తున్నాము. ఆ తగ్గింపు మా ఊరి "వైన్స్" దుకాణం దాకా వచ్చునని ఎవరూ ఎదురుచూడడం లేదు. ఆ బోర్డు క్రింద వైను తప్ప అన్నీ దొరుకుతవి!

నూనె ముచ్చట క్లుప్తంగా. మా చేలగట్లమీద, జొన్నలో, శనగలో కుసుమలు వేసేవారు. గానుగ కుసుమ నూనె వాసన నా బాల్యపు వాసన. ఇప్పుడు దేశం తినే నూనెలో సగానికి మించి దిగుమతి, అందులో పెద్దభాగం ఇండోనేషియా, మలేషియాల పామాయిలు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన నూనె ఎగుమతి ఆపివేసినది, మూడున్నర వారాలు. అప్పుడు మన వంటిళ్ళలో మూకుడు పొయ్యిమీదికెక్కడం మానివేసినది. మనవైపు చూడండి: ముడి నూనెమీద సుంకం 2024 సెప్టెంబరులో సున్నానుంచి ఇరవై శాతం, 2025 మే చివర మళ్ళీ పది శాతం. ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలలను నమ్మి ఎవడు కుసుమ విత్తుతాడు? పామాయిలు చెట్టయితే నాటిన తరువాత నాలుగేళ్ళకు గాని గెల వేయదు.

ఇక్కడ కొందరు పస్తాపూరును చూపుతారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మా మండలంలోనే 1983 నుంచి పనిచేస్తున్నది. అక్కడి సంఘాల స్త్రీలు ఒకే చేనిలో పది ఇరవై రకాలు కలిపి విత్తుతారు, విత్తనం కొనరు, ఏటా పాతపంటల జాతరలో బండ్లమీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతారు. వాళ్ళ ఇంటి పప్పు ధర మొజాంబిక్‌లో నిర్ణయం కాదు. ఆ తల్లులకు నా నమస్కారం. కాని "అందరూ అట్లా చేస్తే సరిపోదా" అనేవారితో నాకు పేచీ. నెలజీతగానికి, హైదరాబాదు అద్దె ఇంటివానికి, గిన్నె అడుగున పప్పు వెతికిన ఆ పిల్లవానికి చేను లేదు. వాడికి సంత కావలె. సంత అన్న తరువాత ఓడలు రావలసిన ఏడాదీ ఉంటుంది. 2015 అటువంటిదే. దిగుమతే పాపమని నేననను, అన్నవారితో ఏకీభవించను.

నేననేది ఒక్కటే. గడియ అంటే తలుపుకు వేసేది. గడియ అంటే కాలమానం కూడా, ఇరవైనాలుగు నిమిషాలు. మన పాలకులకు ఈ రెండవ అర్థం బోధపడలేదు. ఎంత సుంకం, ఎన్ని లక్షల టన్నులు అన్నది మే నెల ముగియకముందే, రైతు విత్తనం సంచి విప్పకముందే చెప్పండి. చెప్పినదాన్ని పంట అమ్ముడుపోయే మార్చిదాకా కదిలించకండి. నిజంగా కరవు వచ్చి తెరవవలసివస్తే, మద్దతు ధరకు చివరి బస్తా కొంటామన్న హామీని ఆ నోటిఫికేషనులోనే అతికించండి. కూటమిలో ఉన్న దేశానికి ఈ క్రమశిక్షణ ఒప్పందమే నేర్పుతుంది, ఏ ఏటికి ఎంత అన్నది పట్టికలో ఉంటుంది. మనం కూటమిలో లేము గనుక ఆ పట్టికను మనమే వ్రాసుకొనవలె. స్వేచ్ఛ కావాలని బ్యాంకాకునుంచి వచ్చినాము గదా, ఆ స్వేచ్ఛను పట్టణపు ధర పెరిగిన ప్రతిసారీ రాత్రికి రాత్రి పల్లె మీద ప్రయోగించడానికేనా తెచ్చుకొన్నది?

"పట్టికలు పెట్టుకొంటే వినియోగదారుడు నష్టపోడా" అని వ్యాఖ్యాత మిత్రుడు అడుగవచ్చును. 2017లో కంది పడిపోయిన తరువాత రైతులు పత్తికి మళ్ళినారు. వేసేవాడు తగ్గితే ధర మళ్ళీ లేవక ఏమిచేస్తుంది? అగ్గువ చేసుకొన్న ప్రతిసారీ వచ్చే పిరానికి మనమే విత్తనం వేసుకొంటున్నాము. నా పింఛను ఎంతో నాకు తెలుసు. కిలోకు పది రూపాయలెక్కువ ఇచ్చి ఏటా ఒకే ధరకు కొనుక్కోవడం నాకు నచ్చుతుంది, ఒక ఏడు తొంభైకి, ఒక ఏడు రెండువందలకు కొనడంకంటె.

మొన్న విత్తనాల వేళ తమ్ముడు వచ్చినాడు. "అన్నా, కంప్యూటర్ల చూసి చెప్పు, కందులు బయటినుంచి ఎప్పటిదాంక వస్తయంట?" అన్నాడు. గడువు పొడిగించడం వాడుకైపోయినదని, 2025 జనవరిలో 2026 మార్చిదాకా పెంచినారని, ఇకముందు ఏమి చేసేదీ పంట చేతికి వచ్చేవేళకు గాని తెలియదని చెప్పినాను. కాసేపు అరుగుమీద కూర్చుండి చాయ తాగినాడు. మూడెకరాలు పత్తే వేస్తానన్నాడు. కంది ఎంత వేస్తావురా అంటే, "నాలుగు సాళ్లు. ఇంటిమందం" అన్నాడు. మాకు కూడా ఒక అయిదు కిలోల పప్పు అందులోనుంచే పంపుతానన్నాడు.